దుప్పటి కట్టిన బండ్లు

కొత్తగా నర్సు పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మెదక్ చర్చి వెనక వీధిలో పెన్షన్ తింటూ ఒక ముసలి సిస్టర్ కూర్చుందని ఎవరో చెప్తారు కాబోలు. వచ్చి చాయ్ తాగి, అందరూ ఒకటే పాట మొదలుపెడతారు. "అమ్మమ్మా, మా వార్డుల అంత ఉల్టానే నడుస్తుంది. చెప్తే ఎవ్వరు వినరు. నేనేమో చిన్నదాన్ని. నా చేతుల ఏమున్నది?"

ఈ చివరి మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. నీ చేతుల ఏమీ లేదు తల్లీ, నిజమే. నా చేతిలో మాత్రం ఏముండేది? సర్కారు నాకిచ్చిన అధికారమల్లా కట్టుగుడ్డలు ఉతకడం, సూదులు ఉడకబెట్టడం. అదీ పెద్ద సిస్టర్ చెప్తేనే. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ కాగితం మీద ఏ దొర సంతకం పెట్టాడో ఇక్కడ రాయబోను. అవి చదివి బాగుపడ్డవాళ్లను నేను చూడలేదు. ఒక్క సంగతి రాస్తాను. మా సర్కారీ దవాఖానాలో నెత్తురు పోతున్న ఆడమనుషులు వరండా కింద వరసలో కూర్చొని ప్రాణాలు విడవకుండా చూడటానికి నేను పడ్డ తిప్పలు. అది నైజాం చివరి రోజుల్లో మొదలై, పోలీసు యాక్షన్ దాటాక గాని ఒక కొలిక్కి రాలేదు.

వరస

నేను చర్చివాళ్ల దగ్గర నర్సు పని నేర్చుకొని సర్కారీ దవాఖానాలో చేరాను. పేరు కరుణ అయినా అందరూ చిన్న సిస్టర్ అనేవాళ్లు. పెద్ద సిస్టర్ మార్తమ్మ. ఆమె పైన డాక్టర్ సాబ్. డాక్టర్ సాబ్ ముందు చప్రాసీ ఖాజా. చప్రాసీని డాక్టర్ పక్కన చెప్తుందేమిటి ఈమె అనుకోకండి. లోపలికి ఎవరు ముందు పోవాలో, ఎవరు వెనక పోవాలో చూసేది అతనే. రోగి బతుకు డాక్టరు చేతికి రాకముందు ఖాజా చేతిలో ఉండేది.

వరస అంటే ముందొచ్చినవాళ్లు ముందు అనుకుంటారు మీరు. కాదు. కచేరీ అధికారుల ఇంటివాళ్లు బెంచీ మీద. వాళ్ల తర్వాత దేశ్‌ముఖుల మనుషులు, వాళ్ల తర్వాత బజారు సావుకార్లు. మిగిలిన పల్లెటూరి జనమంతా వరండా కింద మట్టిలో. పైవాళ్లందరూ అయిపోతే గాని కిందివాళ్లకు పిలుపు రాదు. మధ్యలో ఎవరైనా పెద్దమనిషి వస్తే మళ్లీ మొదటికి. ఇలా ఉండాలని ఎక్కడా రాసి లేదు. ఎవరు పెట్టారంటే చెప్పేవాడూ లేడు.

నేను చేరిన కొత్తలో నిజాంపేట వైపు నుంచి ఎల్లవ్వ అనే బాలింతను బండిలో తెచ్చారు. కాన్పు ఇంట్లోనే అయింది. బిడ్డ బాగానే ఉంది, మాయ మాత్రం పడలేదు. నెత్తురు ఆగడం లేదు. అత్త ఒళ్లో తల పెట్టుకొని వరండా కింద పడుకుంది. లోపల డాక్టర్ సాబ్ ఒక కచేరీ అధికారి బావమరిది పంటి నొప్పి చూస్తున్నాడు. చూస్తున్నాడంటే ఏమిటి, ఇద్దరూ పాన్ వేసుకొని హైదరాబాదు కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను రెండుసార్లు తలుపు దగ్గరికి పోయాను. రెండుసార్లూ ఖాజా వేలు పెదవుల మీద పెట్టి ఉష్ అన్నాడు. ఎల్లవ్వ అత్త, "సిస్టరమ్మా, జర చూడుండ్రి, పిల్ల సల్లగైతుంది" అని నా చీర కొంగు పట్టుకుంది. ఎల్లవ్వ వంతు వచ్చేసరికి ఎల్లవ్వ లేదు.

డాక్టర్ సాబ్ బయటికొచ్చి చూశాడు. ముఖం పాలిపోయింది. నా వైపు తిరిగి, "ముందుగాల్నే చెప్పొద్దా?" అన్నాడు. ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.

నా నోరు

మర్నాడు పొద్దున డాక్టర్ సాబ్ కుర్చీలో కూర్చోగానే, బెంచీ మీద పెద్దమనుషులందరూ వింటుండగానే అడిగేశాను. "సాబ్, పంటి నొప్పి ముందా, ప్రాణం ముందా?"

డాక్టర్ సాబ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు కోపం వస్తే అరవడు, తుడుచుకుంటాడు. "బేటీ, నువ్వు చిన్నదానివి. దవాఖానా నడపడం నీకు తెల్వదు" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి నన్ను వెనక కొట్టంలో కట్టుగుడ్డలు ఉతికే పనికి వేశారు. రోగి ముఖం కనబడదు. బయట వరస మాత్రం ఎప్పటిలాగే సాగుతూనే ఉంది.

మార్తమ్మ వచ్చి నెత్తి కొట్టుకుంది. "పది మంది ముందట సాబ్‌ను గట్ల అడుగుతరానే? ఆయన ఇజ్జత్ తీసినవ్. ఇగ నువ్వు మంచి చెప్పినా ఆయనకు చెడ్డగనే ఇనబడుతది."

"మరి చచ్చిపోయిన దానికి ఇజ్జత్ లేదా అక్కా?"

"ఉన్నది. నువ్వడిగితె లేచొస్తదా?"

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి, చిన్నపిల్లలు వింటారో వినరో నాకు తెలియదు. నేను అడిగింది న్యాయమే. ఇప్పటికీ న్యాయమే అంటాను. కానీ ఆ న్యాయమైన మాట వల్ల ఒక్క రోగికి కూడా లాభం కలగలేదు. నలుగురిలో ఓడిపోయిన పై అధికారి తన తప్పు దిద్దుకోడు, నిన్ను దిద్దుతాడు. ఇది మంచిదని నేననడం లేదు. ఇలా ఉందని చెప్తున్నాను.

కొట్టంలో ఉంటూనే ఖాజాను పట్టుకున్నాను. "ఖాజా భాయ్, నెత్తురు పోతున్నవాళ్లను ముందు పంపితే నీ సొమ్మేం పోతది?"

"నాదేమున్నది సిస్టరమ్మా? నేను చప్రాసీని. సాబ్ హుకుం ఎట్లుంటే గట్ల."

కొన్నాళ్లాగి, ఒంటరిగా ఉన్నప్పుడు, మెల్లగా సాబ్‌ను అడిగాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వరసనా? గది ఖాజా చూసుకుంటడు. నాకెందుకు గది?"

చూశారా? ఇతను అతనంటాడు, అతను ఇతనంటాడు. మార్తమ్మను అడిగితే పాత డాక్టర్ల కాలం నుంచి వస్తుందంటుంది. ఎవరూ చేయని హుకుం అందరూ పాటిస్తున్నారు. అలాంటి దాన్ని ఎవరిని కాలర్ పట్టుకొని అడగాలి? తల ప్రాణం తోకకొచ్చింది నాకు.

గోషా

ఒకరోజు గుడ్డలు ఆరేస్తుంటే ఒక సవారీ బండి గేటులోకి వచ్చింది. చుట్టూ తెల్లటి పరదా కట్టి ఉంది. గోషా స్త్రీ ఎవరో లోపల ఉందన్నమాట. నైజాం రాజ్యంలో పెద్దింటి ముస్లిం ఆడవాళ్లు పరాయి మగవాడి కంట పడరు. బండి కనబడగానే బెంచీ మీద పెద్దమనుషులు లేచి గోడవైపు తిరిగారు. ఖాజా పరుగున పోయి పక్క తలుపు తీశాడు. బండి నేరుగా ఆ తలుపుకు ఆనుకుంది. లోపలి మనిషి అటునుంచటే ఆడవాళ్ల గదిలోకి వెళ్లిపోయింది. ఎవరు, ఏ ఊరు, ఏం రోగం అని ఖాజా అడగలేదు. అడగకూడదు. పరదా వెనక ఎవరున్నారని అడగడం కంటే సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు.

ఆమెకు వచ్చిన రోగం జలుబు.

నేను తడి గుడ్డ చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయాను. ఈ దవాఖానాలో దొరలకూ సావుకార్లకూ ఎవరికీ ఆగకుండా నడిచే నియమం ఒకటుంది. దాన్ని మార్చాల్సిన పని లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే వాడుకుంటే చాలు.

వారం తిరక్కుండా ఇంకో బండి వచ్చింది. లచ్చవ్వ అని, బిడ్డ అడ్డం తిరిగి నొప్పులతో మెలికలు తిరుగుతోంది. బండి ఇంకా గేటు బయటే ఉంది. నేను వార్డులోంచి ఉతికిన దుప్పట్లు రెండు తీసుకొని పరుగెత్తాను. లచ్చవ్వ మొగుడు బిత్తరపోయాడు.

"గిదేంది సిస్టరమ్మా?"

"మాట్లాడకు. గీ అంచు గట్టిగ కట్టు. ఎవరన్నా అడిగితే తల దించుకో."

"ఎవరడుగుతరు?"

"ఎవ్వరడగరు. గదే గద సంగతి!"

దుప్పటి కట్టిన బండి లోపలికి వచ్చింది. పెద్దమనుషులు లేచి గోడవైపు తిరిగారు. ఖాజా పక్క తలుపు తీశాడు. తీసి, బండి తోలే మనిషి గోచీ చూసి, ఎద్దులను చూసి, దుప్పటి మీద దవాఖానా ముద్ర చూసి, నా వైపు చూశాడు. అడగాలని నోరు తెరిచాడు. అడగడానికి మర్యాద ఒప్పుకోలేదు. నోరు మూసుకున్నాడు.

డాక్టర్ సాబ్ లోపలికొచ్చి లచ్చవ్వ పగిలిన పాదాలు చూశాడు, కాళ్ల కడియాలు చూశాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. అయిపోయింది నా ఉద్యోగం అనుకున్నాను. ఆయన చేతులు కడుక్కొని, "వేడి నీళ్లు తే" అన్నాడు. ఒక్క మాట చెప్పాలి, ఆయన చెయ్యి బంగారం. మనిషి ఎదురుగా ఉంటే ఆయన ఎవరికీ తక్కువ చేయడు. ఎదురుగా రానివ్వడమే కష్టం. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

ఆ తర్వాత నేను ఊళ్ల మంత్రసానులకు చెప్పడం మొదలుపెట్టాను. అంగడి రోజున, ఏడుపాయల జాతరలో, చర్చి మెట్ల మీద, ఎక్కడ కనబడితే అక్కడ. "నెత్తురు ఆగకపోతే, బిడ్డ అడ్డం పడితే, బండికి దుప్పటి కట్టి తోల్కరాండ్రి. దుప్పటి లేకుంటే చీరె కట్టుండ్రి." కొందరు నవ్వారు. కొందరు, మేమేం తురకోళ్లమా అని మూతి తిప్పారు. వాళ్లకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం అందరూ కట్టారు.

పాడు చేసేవాడు ఒకడుంటాడు కదా, ఎక్కడైనా. బజారులో ధాన్యం అమ్మే సావుకారు ఒకడు కింద సెగగడ్డ లేచి, బెంచీ మీద కూర్చోలేక, దుప్పటి కట్టించుకొని వచ్చాడు. పక్క తలుపులోంచి మీసాలు బయటపడేసరికి లోపలున్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. చెయ్యి పట్టుకొని బయటికి లాగాను. "మీ అక్కకు చూపించుకో పో!" అన్నాను. బూతులు కూడా తిట్టాను, చర్చివాళ్ల దగ్గర పని నేర్చుకున్నదాన్నని కూడా చూసుకోలేదు.

ఆ గొడవ సాబ్ చెవిన పడింది. పిలిచాడు. "గీ దుప్పట్ల తమాషా ఎవరిది?"

"నాదే సాబ్."

కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నేనేం వినలేదు. నువ్వేం చెప్పలేదు. ఇగ మగోళ్లు మాత్రం రావద్దు." మర్నాడు కొట్టంలో గుడ్డలు ఉతకడానికి ఇంకొకామెను వేశారు. నన్ను ఆడవాళ్ల గదికి మార్చారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు.

జమేదారు

ఆ రోజులు ఎలాంటివో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. ఊళ్లలో ఒకవైపు దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు, ఒకవైపు రజాకార్లు, మధ్యలో పోలీసులు. ఎవరి ఇంటి మీద ఎవరు పడతారో తెలియదు. సంఘం వాళ్లు పరదా బండ్లలో తుపాకులు దాచి తిప్పుతున్నారని ఒక పుకారు పుట్టింది. వెంటనే మా గేటు దగ్గర ఒక పోలీసు జమేదారును నిలబెట్టారు. ఏ బండి పరదా అయినా ఎత్తి చూడమని అతనికి హుకుం.

హుకుం ఒకటి, పని ఒకటి. పెద్దింటి బండ్ల పరదా ఎత్తే దమ్ము అతనికి లేదు. ఎద్దులను చూసి, తోలేవాడి బట్ట చూసి, పేదవాళ్ల బండ్లనే ఆపేవాడు.

బాలవ్వ అనే ఆమెను తెచ్చిన బండిని అలాగే ఆపాడు. మూడో కాన్పు, బిడ్డ పుట్టి అప్పటికే చాలాసేపయింది, నెత్తురు దుప్పటి అంచుదాకా వచ్చింది. జమేదారు లాఠీతో దుప్పటి పొడుస్తూ, "దిగండ్రి లోపలోళ్లు, తలాష్ చేయాలె" అంటున్నాడు. తలాష్ అంటే ఒక్క నిమిషం పని కాదు. దింపుతాడు, గడ్డి తీయిస్తాడు, బండి తిరగేస్తాడు. నేను అడ్డం పోయాను.

"ఆడమనిషి చస్తుంది జమేదార్ సాబ్, నెత్తురు కనబడుతలేదా?"

"గొర్రె నెత్తురేమో. మస్తు చూసినం గిసొంటివి. జరుగు."

అరిచాను. ఏడ్చాను. అతను నన్ను పక్కకు తోశాడు. నేనెవరిని అతనికి? ఒక నర్సును. అప్పుడు వెనక ఖాజా కనబడలేదు. ఎక్కడ చచ్చాడో అనుకున్నాను. అతను లోపలికి పరుగెత్తాడని తర్వాత తెలిసింది.

డాక్టర్ సాబ్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటికొచ్చాడు. ఆయన గేటు దాకా నడిచి రావడం నేనెన్నడూ చూడలేదు. నేరుగా వచ్చి జమేదారుకూ బండికీ మధ్యలో నిలబడ్డాడు.

"నా ఇంటి జనానా ఉన్నది లోపట. పరదా ముట్టుకుంటవా? ముట్టుకో, చూస్త."

జమేదారు గోచీ పెట్టుకున్న బండివాడిని చూశాడు. బక్క ఎద్దులను చూశాడు. అబద్ధమని అతనికి తెలుసు. అబద్ధమని సాబ్‌కు తెలుసు, అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కానీ ఆ మాట అన్నాక లాఠీ కదలదు. సలాం కొట్టి తప్పుకున్నాడు.

బాలవ్వ మాయ తీసి, నెత్తురు ఆగాక, సాబ్ చేతులు కడుక్కుంటూ నా మీద విరుచుకుపడ్డాడు. "నీ వల్ల జిందగీల మొదటిసారి అబద్ధం ఆడిన. నా బేగం పేరు మీద! ఎవడన్నా పైకి రాస్తే నా నౌకరీ పోతది, ఎరికేనా?" నేను చేతులు తుడుచుకునే గుడ్డ అందించాను. కాసేపటికి బయటికి వెళ్లి, అందరూ వింటుండగా ఖాజాతో అన్నాడు. "ఇయ్యాల్టి నుంచి నెత్తురు పోయేటోళ్లు, నొప్పుల మీద ఉన్నోళ్లు ఎవరైనా సరే, పరదా ఉన్నా లేకున్నా, పక్క తల్పుల నుంచి ముందుగాల లోపలికి. నా హుకుం."

ఊరంతా డాక్టర్ సాబ్ ఎంత గొప్ప కొత్త ఏర్పాటు చేశాడని చెప్పుకున్నారు. కచేరీ పెద్దలు మెచ్చుకున్నారు. ఖాజా కూడా అందరితో, "మా సాబ్ బుర్రే బుర్ర" అనేవాడు. నా పేరు ఎత్తిన నాథుడు లేడు. కడుపు మండలేదంటే అబద్ధమే. మండింది. కానీ ఆ ఏర్పాటు ఆయనది అనిపించుకుంది కాబట్టే అంతకాలం నిలిచింది. నాది అనిపించుకుంటే వారంలో ఊడబెరికేవాళ్లు.

కొత్త వరస

పోలీసు యాక్షన్ వచ్చింది. యూనియన్ సైన్యం వచ్చింది, జెండా మారింది, బజారులో మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. ఇక అన్నీ బాగుపడతాయనుకున్నాను. డాక్టర్ సాబ్‌ను దవాఖానాకు రావద్దు, విచారణ అయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. ఏం తప్పు చేశాడని అడిగితే, నైజాం మనిషి అన్నారు. మద్రాసు వైపు నుంచి ఒక కొత్త డాక్టరుగారు వచ్చారు. ఖద్దరు బట్టలు, మంచి చదువు, మంచి మాట.

ఆయన వచ్చిన రోజే బెంచీ తీయించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ చేత్తోనే పక్క తలుపుకు గడియ వేయించారు. "ఈ గోషాలు, పరదాలు పాత రాజ్యంతో పోవాలి. ఇప్పుడు అందరూ సమానం. ఒకటే వరస. ముందు వచ్చినవారు ముందు."

ఈసారి నేను నోరు పారేసుకోలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు పోయి, చేతులు కట్టుకొని చెప్పాను. "సార్, పక్క తలుపు గోషా కోసం కాదు. నెత్తురు పోయేవాళ్ల కోసం."

"మీరు పాత డాక్టరుగారి మనిషని నాకు ముందే చెప్పారమ్మా. ఇవాళ ఒకరికి విడిచిపెడితే రేపు అందరూ అడుగుతారు" అన్నారు, నవ్వుతూ.

ఏం చెప్పను? పాత వరసలో పెద్దవాళ్లు ముందు. కొత్త వరసలో పొద్దున్నే లేచినవాళ్లు ముందు. ఎవరికి ప్రాణం మీదికి వచ్చిందని అడిగే దిక్కు రెండింటిలోనూ లేదు. ఇంత చేసీ మళ్లీ గోడ దగ్గరికే వచ్చానని ఏడుపొచ్చింది. ఈసారి దుప్పటీ పనికిరాదు. ఆ నెలల్లో పరదా కట్టిన బండి అంటే ముస్లింల బండి. రోడ్ల మీద కర్రలు పట్టుకొని తిరిగే కుర్రకారు అలాంటి బండి కనబడితే ఊరుకునేవాళ్లు కాదు.

అప్పుడే సాబ్ బిడ్డ రజియా పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. ఒకరోజు పొద్దున ఖాజా వచ్చి చెవిలో చెప్పాడు. నేను పరుగున వాళ్లింటికి పోయాను. నెలలు నిండకముందే నెత్తురు పడుతోంది. ఆపరేషన్ తప్పదని సాబ్‌కు తెలుసు. ఆయన సామానంతా దవాఖానాలో ఉంది. బండి తెప్పించి, అలవాటు కొద్దీ పరదా కడుతున్నాడు. వేసిన ముడే విప్పి మళ్లీ వేస్తున్నాడు.

"సాబ్, పరదా వద్దు."

"నా బిడ్డను నలుగురి ముందట మొకం కనబడేటట్టు తీస్కపోవాల్నా?"

"పరదా చూస్తే నడుమ ఆపుతరు సాబ్."

బేగంసాబ్ గోడకు ఆనుకొని ఏడుస్తోంది. రజియాయే లేచి కూర్చుంది. "అబ్బాజాన్, తీసెయ్. పోదాం" అంది. మా అమ్మ ముతక చీర తెప్పించి ఆమెకు చుట్టాను. సాబ్ తన టోపీ తీసి ఇంట్లో పెట్టి, తలగుడ్డ చుట్టుకొని బండి వెనక నడిచాడు. దారిలో కర్రల కుర్రాళ్లు బండిలోకి తొంగిచూశారు. "పురిటి మనిషి బిడ్డా, జరుగుండ్రి" అన్నాను. జరిగారు.

దవాఖానా దగ్గర వరస గేటు దాకా ఉంది. కొత్త డాక్టరుగారు తానే వరస ముందు నిలబడి, ఎవరూ దాటకుండా చూస్తున్నారు. ఖాజా పక్కనే ఉన్నాడు. ఉద్యోగమైతే ఉంది కానీ ఆ రోజుల్లో అతనికి నోరు లేదు. నేను ముందుకు పోయి చెప్పాను. డాక్టరుగారు బండి వైపు చూడనైనా చూడలేదు. "వరసలో రమ్మనండి. అందరూ కష్టంలోనే ఉన్నారు."

సాబ్ వరస చివరకు పోయి నిలబడ్డాడు. ఆ దవాఖానాను అన్నేళ్లు ఏలిన మనిషి. బండి కింద మట్టి ఎర్రబడుతోంది.

వరస మొదట్లో నిజాంపేట రైతు ఒకతను ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి దాకా వాచి చీము పట్టింది. చెయ్యి ఛాతీకి ఆనించుకొని పళ్లు బిగబట్టి ఉన్నాడు. అతను బండి కిందికి చూశాడు, నన్ను చూశాడు. "ముందుగాల గా పిల్లను లోపటికి తీస్కపోండ్రి" అన్నాడు.

వెనక ఎవరో మెల్లగా, "గా ముసలాయన పాత డాక్టర్ సాబ్ గద? గా పిల్ల ఆయన బిడ్డ" అన్నారు. ఆ మాట వరస పొడుగునా పాకింది. ఆ రోజుల్లో ఆ ఒక్క మాట చాలు, ఏమైనా జరగడానికి.

రైతు వెనక్కి తిరిగాడు. "ఎవరి బిడ్డయితేంది? నెత్తురు కారుతుంది గద. జరుగుండ్రి."

జరిగారు. ఒకరి వెనక ఒకరు అడుగు పక్కకు వేశారు. బండికి దారి పడింది. డాక్టరుగారు చేతులు ఊపుతూ, "వరస తప్పకండి! ఎవరూ వరస తప్పకూడదు!" అని అరిచారు.

"వరస మాదే గద సారూ" అన్నాడు రైతు. "మేమే జరుగుతున్నం. మీకేం తక్లీఫు?"

డాక్టరుగారు అప్పుడు బండి వైపు చూశారు. చూశాక మాత్రం ఆయనే వచ్చి రజియాను ఎత్తుకొని లోపలికి నడిచారు. ఆయన చెయ్యీ మంచిదే. ఇద్దరు డాక్టర్లలో ఎవరినీ చెడ్డవాళ్లని నేననలేను, అదే నాకు విసుగు. మర్నాటి నుంచి పొద్దున్నే వరస మొత్తం ఒకసారి చూసి, ప్రాణం మీదికొచ్చినవాళ్లను ముందుకు తీసే పని నాకే చెప్పారు. ఆ ఆలోచన తనకే వచ్చినట్టు చెప్పారు. నేను "మంచిది సార్" అన్నాను. రిటైరయ్యేదాకా ఆ పని చేశాను.

ఆ రోజు ఆపరేషన్ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బయటికొచ్చి చూస్తే రైతు వరండా స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. ముఖమంతా చెమట. నేను కత్తి, వేడి నీళ్లు తెచ్చి ముందు కూర్చొని, చెయ్యి చాపమన్నాను.

చాపలేదు.

"ముందు గది చెప్పు సిస్టరమ్మా. గా పిల్ల బతికిందా?"

"బతికింది."

"బిడ్డ?"

"ఆడపిల్ల. బతికింది."

"మంచిదాయె" అన్నాడు. అప్పుడు చెయ్యి నా ఒళ్లో పెట్టి, కత్తి తగలకముందే, అంతసేపూ ఆపుకున్న ఏడుపు బిగ్గరగా ఏడ్చాడు.